రాతి పగుళ్ల లెక్క: వాయువు బావి నుండి ఊరి బోరు వరకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట గ్రామములలో పంచాయతీ సభ్యులకు తరచు ఎదురగు చిక్కు ఒకటి కలదు. ఒక వీధిలో త్రవ్వించిన బోరులో నీరు సమృద్ధిగా పడును. దానికి ఇరువది గజముల దూరమున, అంతే లోతునకు త్రవ్వించిన మరియొక బోరులో రాతిపొడి తప్ప ఏమియు రాదు. రెండింటికి పట్టిన వ్యయము ఒక్కటే. రెండును గ్రామ ప్రజల ధనముతో త్రవ్వించినవే. ఎండిన బోరునకును బిల్లు చెల్లింపక తప్పదు. నీరు ఎందుకు పడలేదని గ్రామసభలో అడిగిన వారికి బదులు చెప్పకయు తప్పదు. "అది మన అదృష్టము" అనుట పలుచోట్ల పరిపాటి అయినది.

ఇందులో అదృష్టముకంటె రాతికి గల పాలు ఎక్కువ. మొదటి బోరు నీరున్న పగులును తాకినది, రెండవది తాకలేదు. భేదమంతయు ఇంతమాత్రమే. అయితే కంటికి కనబడని ఆ పగులు ఎక్కడ ఉన్నదో, ఎంత వెడల్పు కలదో, దేనితో కలియుచున్నదో తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రశ్నను మనకంటె ఎక్కువ పట్టుదలతో అడిగినవారు నూనెను, వాయువును వెదకు ఇంజనీర్లు. షేల్ అను రాతి నుండి వాయువును తీయుటకు వారు భూగర్భమందలి పగుళ్లను కంప్యూటరుతో గణించు శాస్త్రమును పెంపొందించినారు. ఆ శాస్త్రము ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు, మన ఊరి నీటికి దానివలన కలుగు ప్రయోజన మేమి అను విషయములను ఇచట వివరించుచున్నాము.

మన కాళ్ల క్రింది రాయి

సముద్రతీరమందలి ఇసుక నేలలను, వంశధార, నాగావళి, చంపావతి మొదలగు నదుల ఒడ్డుననున్న ఒండ్రు నేలలను మినహాయించినచో, ఈ ప్రాంతమున ఎక్కువ భాగము తూర్పు కనుమలకు చెందిన గట్టి రాతిపై నిలిచియున్నది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాకును ఇది వర్తించును. ఈ రాళ్లలో ముఖ్యమైనవి ఖోండలైటు, చార్నొకైటు అనునవి. మొదటిదానికి తూర్పు కనుమలలో నివసించు ఖోండు గిరిజనుల పేరే పెట్టినారు. ఒడిశాలోని కోణార్క సూర్య దేవాలయమున ఎక్కువ భాగము ఈ ఖోండలైటు రాతితో కట్టినదే. సుమారు నూరు కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున తీవ్రమైన వేడిమికి, ఒత్తిడికి లోనై ఈ రాళ్లు ఇప్పటి రూపమును దాల్చినవి.

ఇసుకలో రేణువుల నడుమ సందులుండును. ఆ సందులలో నీరు నిలుచును. గట్టి రాతిలో అట్టి సందులు లేవు. కావున ఇచ్చట నీరు నిలుచుటకు రెండే చోట్లు కలవు. పైభాగమున ఎండకు, వానకు చివికి మెత్తబడిన రాయి ఒకటి. దీనిని మన రైతులు నూతులు త్రవ్వునప్పుడు చూచుచునే యున్నారు. దాని క్రింద ఇంకను చివుకక, చీలికలు మాత్రము పడిన రాయి రెండవది. ఆ క్రిందనున్నది నిండు రాయి. అందు నీరు దాదాపుగా శూన్యము. పాతాళగంగ నదివలె భూమి అడుగున పారుచున్నదని, ఎంత లోతునకు పోయిన అంత నీరు దొరకునని అనుకొనుట ఈ రాతి నేలలకు సరిపడదు.

మన ప్రాంతమునకు వాన కొదువ లేదు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు మించి కురియుచున్నది. కొదువ యైనది నీటిని నిలుపుకొను చోటు. చిన్న లెక్క వేసి చూతము. నూరు పాళ్ల రాతిలో తోడుకొనదగిన నీరు రెండు పాళ్లున్నదని అనుకొందము. చీలికలు పడిన రాతికి ఇది సామాన్యమైన అంచనాయే. ఒక హెక్టారు నేల క్రింద నీటిమట్టము ఒక మీటరు దిగినచో, పది వేల ఘనపు మీటర్ల రాతి నుండి మనకు లభించునది 200 ఘనపు మీటర్ల నీరు, అనగా రెండు లక్షల లీటర్లు. తలకు దినమునకు 55 లీటర్ల చొప్పున, వెయ్యిమంది గల గ్రామమునకు ఇది నాలుగు దినములైనను చాలదు. అదే హెక్టారులో బోరు నీటితో వరి పండించిన యెడల సుమారు కోటి ఇరువది లక్షల లీటర్లు కావలసియుండును. ఆ నీటితో అదే గ్రామము ఏడు నెలలు దాహము తీర్చుకొనగలదు. చివికిన రాయి, చీలిన రాయి అనునవి గ్రామమునకు గల చిన్న గాదె యని, ఆ గాదె కొలత తెలియక ఖర్చు పెట్టరాదని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

షేల్ రాయి, అందలి వాయువు

కృష్ణా, గోదావరి నదుల ముఖప్రాంతమున భూగర్భము ఇందుకు భిన్నమైనది. అచ్చట కోట్ల సంవత్సరముల కాలము బురద, ఇసుక పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడినవి. సన్నని బురద గట్టిపడి ఏర్పడిన రాతికి షేల్ అని పేరు. ఆ బురదతోపాటు పూడిపోయిన వృక్ష, జంతు పదార్థము వేడిమికి మారి వాయువైనది. అందు కొంత పైకి జారి ఇసుకరాతి పొరలలో నిలిచినది. దానిని ఆయిల్ అండ్ నేచురల్ గ్యాస్ సంస్థ చిరకాలముగా తీయుచున్నది. మిగిలినది షేల్ లోనే చిక్కుకొనియున్నది. రాఘవాపురం షేల్, కొమ్ముగూడెం షేల్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలుచు పొరలు ఈ కోవకు చెందినవి.

2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని దుర్గాపూరు సమీపమున ఈ సంస్థయే మన దేశమున మొదటిసారిగా షేల్ వాయువును కనుగొన్నది. 2013 లో కేంద్ర ప్రభుత్వము షేల్ వాయువు అన్వేషణకు విధానమును ప్రకటించినది. 2018 లో ఆ అవకాశమును ఇతర కంపెనీలకును విస్తరించినది. అయినను అమెరికాలో వలె మన దేశమున షేల్ వాయువు పెద్ద ఎత్తున ఉత్పత్తి కాలేదు. రాతి స్వభావము, నీటి అవసరము, జనసాంద్రత గల పల్లెలలో భూమి దొరకుట అనునవి అన్నియు ఆలోచింపవలసిన విషయములైనవి.

షేల్ లో వాయువున్న సందులు కంటికి గాని, మామూలు సూక్ష్మదర్శినికి గాని అందనంత సన్ననివి. కావున బావి త్రవ్వినంతమాత్రమున వాయువు రాదు, రాతిని చీల్చవలెను. బావిని ఒకటి రెండు కిలోమీటర్లకు మించిన లోతునకు నిలువుగా దింపి, అచ్చట నుండి పొర వెంట అడ్డముగా త్రిప్పుదురు. పిమ్మట ఇసుక, కొన్ని రసాయనములు కలిపిన నీటిని మిక్కిలి ఒత్తిడితో ఎక్కింతురు. రాయి చీలును, చీలిక మూసుకొనకుండ ఇసుక రేణువులు అడ్డుపడును, ఆ దారిని వాయువు బావిలోనికి వచ్చును. ఒక్కొక్క బావికి తరచు కోటి లీటర్లకు మించిన నీరు పట్టును. ఒత్తిడితో రాతిని చీల్చు ప్రయత్నము అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున 1947 లో మొదట జరిగినది. టెక్సాస్ రాష్ట్రపు బార్నెట్ షేల్ లో 1990 తరువాతి దశకమున జరిగిన కృషివలన అది షేల్ వాయువునకు లాభసాటి మార్గమైనది.

ఇచ్చట ఇంజనీరునకు రెండు చింతలు కలవు. చీలిక వాయువున్న చోటికి చేరవలెను; చేరకున్నచో వ్యయము వ్యర్థము. చీలిక చేరరాని చోటికి, అనగా పాత బావి వైపునకో, భూమి సహజముగా విరిగియున్న చోటికో పోరాదు; పోయిన యెడల వాయువు గాని, మురికి నీరు గాని తప్పుదారి పట్టవచ్చును. బావి గొట్టము చుట్టును వేసిన సిమెంటు లోపభూయిష్టమైనను, పైకి వచ్చిన మురికి నీటిని సరిగా దాచకున్నను ఊరి నీరు చెడు ప్రమాదము కలదు. కనుకనే త్రవ్వకమునకు ముందుగా పగుళ్ల లెక్క కావలసివచ్చినది.

పగులును లెక్కించుట ఎట్లు?

కంప్యూటరు భూమి లోపలికి చూడజాలదు. మనుష్యులు కొలిచి తెచ్చిన అంకెలను తీసికొని, రాతి స్వభావమునకు చెందిన నియమములను అనుసరించి, లోపల ఎట్లుండుటకు వీలున్నదో గీసి చూపును. ఈ గీతనే నమూనా అందురు. దీనికి ఆధారమైన నియమములు కొన్నింటిని తెలిసికొందము.

మొదటిది పగులు వెడల్పునకు సంబంధించినది. పగులు వెడల్పు రెండింతలైనచో అందు పారు నీరు రెండింతలు కాదు, ఎనిమిదింతలగును. వెడల్పు పదింతలైనచో ప్రవాహము వెయ్యింతలగును. అనగా ఒక మిల్లీమీటరు వెడల్పు గల ఒక్క పగులు, మిల్లీమీటరులో పదవవంతు వెడల్పు గల వెయ్యి పగుళ్లతో సమానము. ఇరువది గజముల దూరమునందలి రెండు బోరులకు అంత భేదమెందుకో ఈ ఒక్క నియమమే చాలవరకు చెప్పుచున్నది.

రెండవది పగుళ్ల కలయికకు సంబంధించినది. పొలము నుండి ఊట బోదెలోనికి, బోదె నుండి గెడ్డలోనికి, గెడ్డ నుండి నదిలోనికి నీరు చేరుచుండును. బోదె గెడ్డను కలియకున్నచో నీరు నిలిచిపోవును. పగుళ్లును ఇట్టివే. ఎంత వెడల్పు గల పగులైనను మరియొకదానితో కలియక ఒంటరిగా ఉన్నచో కొద్ది దినములలో ఎండిపోవును. బోరు వేసిన నాడు నీరు ఎగజిమ్మి, రెండు వేసవులలో వట్టిపోవుటకు ఇది ఒక కారణము. ఇట్టి రాతిలో దాచుకొను భాగము వేరు, ప్రవహింపజేయు భాగము వేరు. ఈ ద్వంద్వ స్వభావమును 1960 లో రష్యా శాస్త్రజ్ఞులు బరెన్‌బ్లాట్ మొదలగువారును, 1963 లో అమెరికాలో వారెన్, రూట్ అనువారును గణిత రూపమున పెట్టినారు. నేటి నమూనాలలో పెక్కింటికి ఇది పునాది.

మూడవది భూమి ఒత్తిడికి సంబంధించినది. రాయిని అన్ని వైపులను నేల నొక్కుచుండును; కాని అన్ని వైపులను సమానముగా కాదు. చీలిక ఎప్పుడును నొక్కుడు తక్కువగా ఉన్న దిక్కునకు తెరచుకొనును. లోతున, పైనున్న రాతి బరువు అధికము కనుక చీలికలు సాధారణముగా నిలువుగా ఏర్పడును. నేలకు దగ్గరగా అవి అడ్డముగా ఏర్పడుటకు వీలు హెచ్చు. ఒత్తిడికి చీలిక ఎంత పొడవు, ఎంత వెడల్పు పెరుగునో చెప్పు సూత్రములను 1955 లో రష్యాలో క్రిస్తియానొవిచ్, జెల్తోవ్ అనువారును, 1961 లో అమెరికాలో పెర్కిన్స్, కెర్న్ అనువారును కనుగొన్నారు. నాడు చేతితో వేసిన లెక్కలను నేడు కంప్యూటరు లక్షల భాగములుగా విభజించి క్షణక్షణమునకు వేయగలదు.

ఇక పని జరుగు విధము. బావి నుండి తీసిన రాతి కడ్డీలను పరీక్షింతురు. బావి గోడలను పరికరములతో చిత్రించి పగుళ్లు ఏ దిక్కునకు, ఎంత ఒడ్డున, ఎంత ఎడముగా ఉన్నవో కొలుతురు. ఒక బావిలో కనబడునది కుండలోని ఒక్క మెతుకు వంటిది. మెతుకు పట్టి చూచి అన్నము ఉడికినదని చెప్పవచ్చును. కాని పగుళ్ల విషయమున ఒక్క మెతుకు చాలదు. కావున కంప్యూటరు ఒక చిత్రమును గీసి విడువదు. కొలతలకు సరిపడు పగుళ్ల వలలను వందల కొలది గీయును. ప్రతి వలలోను నీటిని గాని, వాయువును గాని పారించి చూచును. బావిలో నిజముగా కనబడిన ప్రవాహముతో సరిపడని వలలను త్రోసివేయును. మిగిలిన వాటినిబట్టి ఇచ్చట పగులు తగులుటకు నూటికి ఇన్ని పాళ్లు వీలున్నదని చెప్పును.

రాయి చీలునప్పుడు ఎండుకట్టె పొయ్యిలో చిటిలినట్లు సన్నని చప్పుడు పుట్టును. షేల్ బావుల దగ్గర ఆ చప్పుళ్లను సున్నితమైన పరికరములతో పట్టి, అవి వచ్చిన చోట్లను గుర్తించి, గీసిన చిత్రమునకును నిజమునకును ఎంత దూరమో సరిచూతురు. సరిచూడని నమూనాకు విలువ లేదని ఈ వృత్తిలోని వారందరు ఎరుగుదురు.

మహేశ్వరం చెప్పిన పాఠము

ఈ లెక్కలు వాయువునకే కాక నీటికిని పనికివచ్చునని తెలుగు నేలమీదనే తేలినది. 1961 లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఫ్రాన్సు దేశపు భూగర్భ శాస్త్రజ్ఞులతో కలిసి, హైదరాబాదునకు దక్షిణముగా నున్న మహేశ్వరం పరీవాహక ప్రాంతమున గట్టిరాతి నీటిని చిరకాలము పరిశోధించినది. సుమారు 53 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతము గ్రానైటు నేల. వరి పంటకై బోరుల నుండి విస్తారముగా నీరు తోడుటచే మట్టము దిగిపోయినది.

బోరులలో నీటిని తోడి, మట్టము ఎట్లు దిగుచున్నదో, తోడుట మానినపిమ్మట ఎట్లు తేరుకొనుచున్నదో నిమిషముల లెక్కను వ్రాసి, ఆ అంకెలను నమూనాలకు ఎక్కించి చూడగా కొన్ని సంగతులు తెలియవచ్చినవి. నీరు పారు పగుళ్లలో అడ్డముగా పరచుకొన్నవే ఎక్కువ. అడ్డముగా నీరు పారు శక్తి, నిలువుగా పారు శక్తికి సుమారు పదింతలు. నీటిలో ఎక్కువ భాగము పెద్ద పగుళ్లలో గాక, రాతిగడ్డలలో జానెడు ఎడమునకు వ్యాపించిన సన్నని చీలికలలో నిలువయుండును. ఈ చీలికలు పుట్టుటకు ముఖ్య కారణము భూకంపములు కావు. రాతిలోని అభ్రకపు రేకులు నీటికి నాని, ఉబ్బి, రాతిని విడదీయుట. నాని చివుకుట పై నుండి జరుగును కావున, లోతు పెరిగిన కొలది చీలికలు తగ్గిపోవును. నీటిమట్టము చీలికల పొర అడుగునకు దిగిన పిమ్మట బోరును ఎంత లోతు చేసినను లాభము స్వల్పము.

మన ఖోండలైటు మహేశ్వరపు గ్రానైటు కాదు. తూర్పు కనుమల రాళ్లు ఈశాన్య నైరృతి దిక్కులుగా పొరలు తీరి, పలుచోట్ల ఏటవాలుగా నిలిచియుండును. ఆ పొరల వెంట చివుకుటయు, చీలుటయు వేరు తీరున ఉండును. కనుక అచ్చటి అంకెలను ఇచ్చట అతికించుట తగదు. పద్ధతిని మాత్రము గ్రహింపవలెను. కేంద్ర భూగర్భజల మండలి 2012 నుండి దేశమంతట నీటిపొరల పటములను తయారుచేయు కార్యక్రమమును నడుపుచున్నది. రాష్ట్ర భూగర్భజల శాఖకు కొలత బావులు కలవు. మండలమునకు కొద్ది బావులలో తీసిన కొలతలతో గీసిన పటము ఒక గ్రామమందలి ఒక వీధిని గూర్చి ఖచ్చితముగా చెప్పజాలదు. ఆ లోటును తీర్చగలవారు గ్రామస్థులే.

కంప్యూటరు మంత్రము కాదు

నీటిజాడ వెదకుట మన పెద్దలకు తెలియని విద్య కాదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమున చెట్లను, పుట్టలను, మట్టి రంగును బట్టి నీటి ఉనికిని చెప్పుటకు ప్రయత్నించినాడు. అవి పరిశీలనపై ఆధారపడిన గుర్తులు. నేడు అరచేతిలో కొబ్బరికాయ నిలుపుకొని చూపిన చోట బోరు వేయించు పంచాయతీలును కలవు. కాయ నిలిచిన చోట నీరు పడినచో పదిమందికి చెప్పుదురు. పడకున్నచో ఎవరును వ్రాసియుంచరు. తప్పిన లెక్క వ్రాయనంతవరకు ఏ పద్ధతి మంచిదో తేలదు.

కంప్యూటరు పటమును సయితము ఇట్లే గ్రుడ్డిగా నమ్మరాదు. రంగుల బొమ్మ అందముగా నున్నంతమాత్రమున నిజము కాబోదు. ఎవరైన పటమును చూపి ఇచ్చట బోరు వేయుడనినచో సభ్యులు మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ పటమునకు మన గ్రామమున ఎన్ని కొలతలు తీసినారు? ఇదివరకు వేసిన మన బోరులలో నీరు పడినవి, పడనివి ఈ పటముతో సరిపడుచున్నవా? నీరు పడుటకు నూటికి ఎన్ని పాళ్లు వీలున్నదని చెప్పుచున్నారు? బదులు చెప్పగలవాడు శాస్త్రజ్ఞుడు. తప్పక పడునని ప్రమాణము చేయువానిని గూర్చి జాగ్రత్త వహింపవలెను.

పంచాయతీ చేయవలసినది

రాజ్యాంగము 73 వ సవరణ 1993 ఏప్రిల్ 24 న అమలులోనికి వచ్చినది. అందలి పదునొకండవ షెడ్యూలు త్రాగునీటిని, చిన్నతరహా నీటిపారుదలను, నీటి యాజమాన్యమును పంచాయతీల విషయములుగా పేర్కొన్నది. కావున ఈ పని మరియొకరిదని అనుకొనరాదు. చేయవలసినవి కష్టమైనవియు కావు.

మొదటిది బోరుల పుస్తకము. గ్రామమందలి ప్రతి బోరునకు, నూతికి ఒక పుట కేటాయింపవలెను. త్రవ్విన తేదీ, చోటు, లోతు, మెత్తని రాయి ఎంతవరకు వచ్చినది, ఎన్ని అడుగుల వద్ద నీరు తగిలినది అను వివరములు త్రవ్వు దినముననే వ్రాయవలెను. లారీ వెడలిపోయిన పిమ్మట ఆ సంగతులు చెప్పువారుండరు. ఎండిన బోరునకును ఒక పుట ఉండవలెను. పగులు లేని చోటు తెలియుట పగులున్న చోటు తెలియుటతో సమానమైన లాభము. విడిచిపెట్టిన బోరును మూయించిన తేదీని సయితము ఆ పుటలోనే వ్రాయవలెను. నోరు తెరచిన బోరు పసిబిడ్డల ప్రాణములకు ముప్పు. దీనినిగూర్చి సుప్రీం కోర్టు 2010 లోనే ఆదేశములిచ్చినది.

రెండవది మట్టము కొలుచుట. బరువు కట్టిన టేపు చాలును. ఏటా కనీసము రెండుమారులు, వానలకు ముందు మే నెలలోను, వానల తరువాత నవంబరులోను, ఎంపిక చేసిన నాలుగైదు బావులలో మట్టమును కొలిచి వ్రాయవలెను. మోటారు ఆపి కొన్ని గంటలు గడచిన తరువాత కొలిచినదే సరియైన కొలత. నవంబరు అంకెకును మే అంకెకును గల భేదము గ్రామము ఆ యేడు తోడిన నీటి జాడను, ఒక నవంబరునకును మరుసటి నవంబరునకును గల భేదము గాదె నిండినదో లేదో అను సంగతిని తెలుపును.

మూడవది దిగుబడి. 200 లీటర్ల పీపాను గొట్టము క్రింద ఉంచి, నిండుటకు పట్టిన కాలమును గడియారము చూచి వ్రాయవలెను. రెండు నిమిషములలో నిండినచో నిమిషమునకు నూరు లీటర్లు. ఏటా ఒకే నెలలో చూచిన యెడల బోరు బలము పెరుగుచున్నదో, తరుగుచున్నదో బడిపిల్లలును చెప్పగలరు.

నాలుగవది ఎడమును పాటించుట. ఒకే పగులుపై రెండు బోరులు వేసినచో నీరు రెట్టింపు కాదు. ఉన్న నీటినే ఇరువురు పంచుకొందురు, లోతైన మోటారు గలవాడు గెలుచును. 2002 నాటి రాష్ట్ర నీరు, భూమి, వృక్ష చట్టము, జనులు వాల్టా అని పిలుచునది, బావుల నమోదును, కొత్త బోరునకు అనుమతిని నిర్దేశించుచున్నది. ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపున అనుమతి లేక బావి త్రవ్వరాదని ఆ చట్టము చెప్పుచున్నది. ఈ నియమము కాగితముపై నిలిచిపోవుటయో, ఊరి కుళాయిని కాపాడుటయో పంచాయతీ సభ్యుల ధైర్యముపై ఆధారపడియున్నది.

అయిదవది, వట్టిపోయిన బోరును విడిచిపెట్టుటకు ముందు విచారించుట. షేల్ బావులలో వలెనే, నీటి ఒత్తిడితో రాతి చీలికలను తెరచు పద్ధతి త్రాగునీటి బోరులకును మన దేశమున వాడుకలో నున్నది. గొట్టము దిగువన గట్టి రాతిలో రబ్బరు అడ్డుకట్టు బిగించి, దాని క్రిందికి నీటిని ఒత్తిడితో ఎక్కింతురు. పూడిన చీలికలు శుభ్రపడును. సమీపమందలి పగుళ్లతో కలిసినచో నీరు పెరుగును. దీనికి శుద్ధమైన నీరు మాత్రమే వాడుదురు. షేల్ బావుల రసాయనములతో పని లేదు. అయినను దగ్గరలో పగుళ్లే లేనిచోట ఇది వ్యర్థము, మరుగుదొడ్ల గుంతల ప్రక్కన హానికరము. కావుననే బోరుల పుస్తకమును చూచి, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుతో సంప్రదించి నిర్ణయింపవలెను.

ఆరవది గాదెను నింపుట. చెరువు పూడిక తీయుట, గెడ్డలపై చిన్న అడ్డుకట్టలు కట్టుట మంచివే. చివికిన రాయి మందముగా ఉన్నచోట కట్టినచో నీరు ఇంకును. నిండు రాతిపై కట్టినచో ఎండకు ఆవిరియగును. ఆ మందము ఎంతయో చెప్పునది మరల ఆ బోరుల పుస్తకమే.

వాయువును వెదకు సంస్థలు ఒక్కొక్క బావికి కోట్ల రూపాయలు వ్యయపరచి రాతి కొలతలు సేకరించుచున్నవి. ఆ కొలతలు లేనిదే వారి కంప్యూటర్లు ఒక్క గీతయు గీయజాలవు. మన గ్రామములలో అట్టి ధనము లేదు. కాని ప్రతి గ్రామమునను ఇదివరకే త్రవ్విన పదుల కొలది బోరులు కలవు. ఒక్కొక్కటి భూగర్భమునకు వేసిన ప్రశ్న. నీరు పడుట, పడకుండుట అను రెండును భూమి ఇచ్చిన జవాబులే. ఇన్నేండ్లును ఆ జవాబులను వ్రాసికొనక పోగొట్టుకొనుచున్నాము. రాబోవు గ్రామసభలో ఒక పుస్తకమును తెరచి, ఊరిలోని బోరుల నన్నింటిని వరుసగా ఎక్కించుటకు తీర్మానించిన పంచాయతీ, పై వేసవిలో కొత్త బోరు ఎక్కడ వేయవలెనను చర్చ వచ్చినప్పుడు ఆ పుస్తకమును ముందుంచుకొని మాటలాడగలదు.